ఇంటిల్లిపాదీ ఫోటోకి టైమర్ పెట్టాలా, సెల్ఫీ చాలదా?

పాలకొండ:
సంక్రాంతికి అందరం ఊళ్ళో కలిశాం. గ్రూప్ ఫోటోకి స్టాండు మీద కెమెరా పెట్టి టైమర్ వేద్దామంటాడు మా బావ. సెల్ఫీ తీసేస్తే సరిపోతుంది కదా? టైమర్ ఫోటోల్లో అందరూ ఊపిరి బిగబట్టి కొయ్యబారిపోయి ఉంటారు. లేదంటే ఎవరినైనా అడిగితే తీసిపెడతారు. మీరేమంటారు?

విజయనగరం కంటోన్మెంట్:
నేను మీ బావ వైపే. సెల్ఫీలో చెయ్యి ఎంత చాపినా ఫోన్ దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి పట్టుకున్నవాడి మొహం పెద్దదై, వెనక కూర్చున్న మామ్మ నుదురే కనిపిస్తుంది. నలుగురు స్నేహితులకైతే సరే, ఇంటిల్లిపాదికి కుదరదు.

అసలు సంగతి వేరే ఉంది. ప్రతి ఇంట్లోనూ ఫోటోలు తీసేవాళ్ళు ఒకరుంటారు, మా ఇంట్లో మా చిన్నాన్న. రీలు కెమెరా రోజుల నుంచి అన్నప్రాశనలు, గృహప్రవేశాలు, సిరిమాను ఉత్సవం చూడటానికి వచ్చి మా ఇంట్లో దిగిన చుట్టాలు, అన్నీ ఆయనే తీశాడు. ఆల్బమ్‌లు తిరగేస్తే ఆయన ఎక్కడా లేడు. ఒక్క ఫోటోలో మాత్రం, గచ్చు మీద, పిల్లల కాళ్ళ దగ్గర, మోచేతులు పైకెత్తి కెమెరా పట్టుకున్న ఆయన నీడ పడింది. వయసులో ఉన్నప్పుడు నాన్న ఎలా ఉండేవాడని ఆయన పిల్లలు అడిగితే చూపించడానికి మా దగ్గర ఉన్నది ఆ నీడే. పక్కింటివాళ్ళని పిలవొచ్చు కదా అంటారు, పండగ పూట ఎవరి హడావిడి వాళ్ళది.

ఇక కొయ్యబారడం గురించి. చాలా కెమెరాల్లో 2 సెకన్లు, 10 సెకన్లు అని రెండుంటాయి. 2 అనేది బటన్ నొక్కిన కుదుపు ఫోటోలోకి రాకుండా ఉండటానికి, మనుషులకి 10 పెట్టాలి. ఒకసారి నొక్కితే వరసగా మూడు నాలుగు తీసే సెట్టింగు ఉంటే అది పెట్టండి. మొదటి క్లిక్ అవగానే అందరూ హమ్మయ్య అని వదులవుతారు, అసలు నవ్వులు ఆ తరవాతి వాటిలో వస్తాయి. కెమెరా ముందు నిలబడి మాత్రం నొక్కకండి, చాలా డీఎస్‌ఎల్‌ఆర్‌లలో నొక్కినప్పుడే ఫోకస్ కుదిరిపోతుంది, తరవాత అందరూ మసగ్గా వస్తారు. వెనక నుంచి కూర్చున్నవాళ్ళ మొహాల మీద ఫోకస్ పెట్టి నొక్కాలి. పరిగెత్తుకొచ్చేవాళ్ళకి చోటు ముందే ఉంచండి, మరీ అంచున వద్దు, వైడ్ లెన్సులో అంచున ఉన్నవాళ్ళు సాగినట్టు వస్తారు.

గార:
ఇంట్లో అయితే ఒప్పుకుంటాను, బీచ్‌లో ఒప్పుకోను. కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర గాలికి తేలికపాటి స్టాండు ఎగిరిపడటం కళ్ళారా చూశాను. అక్కడ ఎవరినైనా అడగడమే మేలు. ఇంకోటి, పెద్దవాళ్ళకి టైమరంటే టెన్షన్. నేను పరిగెత్తుకొస్తుంటే "బేగి రా, పడిపోతావ్" అంటూ మా అమ్మ నావైపే చూస్తుంది, ఏ ఫోటోలో చూసినా మొహం పక్కకే.

విజయనగరం కంటోన్మెంట్:
బీచ్ సంగతి మీరన్నదే నిజం, ఇసుక ఎగురుతుంటే కెమెరా బయటికి తీయకపోవడమే మంచిది. అమ్మగారి కోసమైతే చిన్న బ్లూటూత్ రిమోట్ కొనండి, ఫోన్‌కి పనిచేస్తుంది, ఆవిడ పక్కన కూర్చునే నొక్కొచ్చు.

పాలకొండ:
మా ఇంట్లో ఎప్పుడూ ఫోన్ పట్టుకునేది మా అప్ప, అంటే అక్క. ఇప్పుడే వెతికాను, పోయిన భోగి ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ తను లేదు. టైమరే పెడతాం. పెద్దవాళ్ళు అరుగు మీద కూర్చుంటే స్టాండు ఎంత ఎత్తులో ఉంచాలి?

విజయనగరం కంటోన్మెంట్:
కూర్చున్నవాళ్ళ కళ్ళకి కొంచెం పైన. ఎండ నెత్తిమీదకి రాకముందే తీసేయండి. అప్పని మామ్మ పక్కనే కూర్చోబెట్టండి.