హోండా సీబీ750 ముందు డిస్క్ బ్రేక్ పట్టుకుని వదలడం లేదు, లోపం హోస్‌లోనా మాస్టర్ సిలిండర్‌లోనా?

అందరికీ నమస్కారం. న్యూజెర్సీలో ఉంటాను, నా దగ్గర 1975 సీబీ750 మోటార్‌సైకిల్ ఉంది, ముందు ఒకటే డిస్క్, ఒకటే పిస్టన్ ఉన్న కాలిపర్ (ప్యాడ్‌లను డిస్క్‌కి నొక్కే భాగం). బండి బయల్దేరేటప్పుడు చక్రం బాగానే తిరుగుతుంది, కానీ సిటీలో నాలుగైదు సిగ్నళ్ల దగ్గర బ్రేక్ వేశాక లివర్ గట్టిపడిపోయి, ప్యాడ్‌లు డిస్క్‌ని వదలవు, డిస్క్ చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. చల్లారాక మళ్లీ మామూలే.

కాలిపర్ విప్పి చూశాను. పిస్టన్ మీద తుప్పు గుంటలు లేవు, సీల్ కొత్తది వేశాను, సీల్ కూర్చునే గాడిలో పేరుకున్న తెల్లటి పొడి కూడా గీకేశాను, ఎందుకంటే అది ఉంటే సీల్ పిస్టన్‌ని బిగించేస్తుంది. కాలిపర్ అటూ ఇటూ కదలడానికి ఆధారమైన పివట్ పిన్ శుభ్రం చేసి గ్రీజు పెట్టాను, ఇప్పుడు చేత్తోనే కదులుతోంది. ఫ్లూయిడ్ కూడా కొత్తదే.

పట్టేసినప్పుడు కాలిపర్ మీద ఫ్లూయిడ్ బయటికి వదిలే బ్లీడ్ నిపుల్ కాస్త వదులు చేస్తే ఫ్లూయిడ్ చిమ్మి చక్రం వెంటనే ఫ్రీ అవుతోంది, అంటే ప్రెషర్ లోపలే చిక్కుకుంటోంది, కాలిపర్ తప్పు కాదనే నా నమ్మకం. ఇక మిగిలినవి రెండే: లోపల ఉబ్బిపోయిన పాత రబ్బర్ హోస్, లేదా మాస్టర్ సిలిండర్‌లో (లివర్ దగ్గర ఫ్లూయిడ్‌ని నెట్టే భాగం) లివర్ వదిలాక ఫ్లూయిడ్ వెనక్కి వెళ్లే, సూది మొనంత ఉండే రిటర్న్ రంధ్రం మూసుకుపోవడం.

ఈసారి పట్టేసినప్పుడు నిపుల్ జోలికి పోకుండా మాస్టర్ సిలిండర్ దగ్గర హోస్‌ని బిగించే బాంజో బోల్ట్ వదులు చేస్తే, చక్రం ఫ్రీ అయితే మాస్టర్ సిలిండర్, కాకపోతే హోస్ అనుకోవచ్చా? ఆ రంధ్రం పెద్దది కాకుండా దేనితో శుభ్రం చేస్తారు? ఈ బండి మీద పనిచేసినవాళ్లు దయచేసి చెప్పండి, ముందు బ్రేక్ మీద నమ్మకం లేకుండా హైవే ఎక్కాలంటే నిజంగా టెన్షన్‌గా ఉంది.