అప్‌డేట్: చివరికి ఏఎండీయే తీసుకున్నా

లైనక్స్‌లో గేములకి ఏ గ్రాఫిక్స్ కార్డు మంచిదని పోయిన నెల అడిగా కదండీ, మొత్తానికి ఏఎండీ వాళ్ళ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ, 16 జీబీ మెమరీది తీసేసుకున్నా. రాజమండ్రిలో షాపాయన "లైనక్సులో గేములేంటండి బాబూ" అని ఒకటే నవ్వు, సర్లే అని డబ్బులు కట్టేసి అమలాపురం బస్సెక్కి, డబ్బా ఒళ్ళో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతుల్తో పైకి లేపి పట్టుకున్నా, పక్క సీటు పెద్దాయన గుడ్లేమో అనుకున్నాడు.

ఇంటికొచ్చి పెడితే స్క్రీన్ 1024 బై 768 దాటట్లేదు. కార్డు పోయిందేమో అని కంగారుపడ్డా గానీ తప్పు నాదే, నేను వాడే లైనక్స్ ఉబుంటు 24.04, అందులో ఇంకా 6.8 కెర్నెల్‌తోనే (సిస్టమ్‌కి గుండెకాయ లాంటిది) ఉన్నా, మీసా (గేముల గ్రాఫిక్స్‌ని కార్డుతో గీయించే సాఫ్ట్‌వేర్) కూడా పాతదే. ఆర్‌డీఎన్ఏ 4 కార్డులకి, అంటే నాది లాంటి ఏఎండీ కొత్త తరం వాటికి, అది చాలదు. 24.04.3తో వచ్చే 6.14 కెర్నెల్, మీసా 25.0 ఎక్కించి రీస్టార్ట్ చేస్తే అంతే, స్క్రీన్ సరైపోయింది, డ్రైవర్ విడిగా ఏమీ వెయ్యలేదు, ఏఎండీ కార్డుల డ్రైవర్ ఏఎండీజీపీయూ కెర్నెల్లోనే ఉంటది కదా.

ఎన్విడియా 50 సిరీస్ కార్డులకి ఓపెన్ కెర్నెల్ మాడ్యూల్సే (కోడ్ బయటపెట్టిన, కెర్నెల్‌కి విడిగా తగిలించే డ్రైవర్ ముక్కలు) వాడాలని అప్పుడు ఒకాయన చెప్పారు, నిజమేనండి, కాకపోతే కెర్నెల్ అప్‌డేట్ అయినప్పుడల్లా మాడ్యూల్ బిల్డయిందా లేదా అని చూసుకునే ఓపిక నాకు లేదు. ఇంటెల్ వాళ్ళ ఆర్క్ బీ580 కూడా ఊరించింది, 12 జీబీ మరి, కానీ నా మదర్‌బోర్డు పాతది, రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సదుపాయం) లేదు, అది లేకపోతే ఆర్క్ నీరసపడిపోతది.

ఇప్పుడిక కొనాల్సింది యూపీఎస్సేనండి, నిన్న గాలివానకి కరెంటు మూడుసార్లు పోయింది.