ఫార్చ్యూనర్ 4×4కు కొత్త టైర్లు: 18 ఉంచాలా, 20కి పోవాలా, 17కి దిగాలా?

రేగొండ మిర్చి రైతు:

అందరికీ నమస్కారం. మాది భూపాలపల్లి జిల్లా రేగొండ మండలం. పిల్లల చదువుల కోసం కాపురం హన్మకొండలో పెట్టాం. మా దగ్గర డీజిల్ ఫార్చ్యూనర్ 4×4 ఉంది. కంపెనీ ఇచ్చిన 18 అంగుళాల అల్లాయ్ చక్రాల మీద 265/60 ఆర్18 టైర్లు ఉన్నాయి. టైర్ల మీది గాళ్లు అరిగి అడుగంటాయి. ఈ వానలు పడేలోపు మార్చక తప్పదు.

బండి తిరిగే దారులు చెబితేనే మీరు సరైన సలహా ఇవ్వగలరు. వారంలో మూడు నాలుగు సార్లు హన్మకొండ నుంచి పరకాల మీదుగా ఊరికి వస్తాను. అదంతా తారు రోడ్డే కానీ బొగ్గు టిప్పర్లు, కంకర లారీలు నడిచే దారి, అంచులు తెగిపోయి ఉంటాయి. ఊరి నుంచి చేను దాకా మొరం బాట. చేను మాత్రం నల్లరేగడి. మందు డబ్బాలు, మోటార్లు, పైపులు, కూలీలకు భోజనాలు అన్నీ ఈ బండిలోనే. అత్తగారి ఊరు మంగపేట వైపు. ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం మీదుగా వెళతాం. వానాకాలంలో వాగులు రోడ్డెక్కి పారడం ఆ దారిలో మామూలే. హైదరాబాద్ వెళ్లేది ఎప్పుడో ఒకసారి.

మా అబ్బాయి 20 అంగుళాల చక్రాలు వేయించమంటున్నాడు. 265/50 ఆర్20 వేస్తే బండి ఎత్తు ఏమీ మారదని ఒక దుకాణంలో చెప్పారు. మా అన్నయ్యేమో పెద్ద బటన్లున్న (పైన లావు రబ్బరు దిమ్మలున్న) మడ్ టైర్లు వేయిస్తే రేగడిలో కూడా ఆగదంటాడు. ఇంకొక మిత్రుడు 17కి దిగమంటున్నాడు. పెద్ద బండికి చిన్న చక్రం ఎందుకో నాకు అర్థం కాలేదు. ఎవరి మాట వినాలి?

కరీంనగర్ రాజీవ్ రహదారి:

నా బండికి 20 అంగుళాల చక్రాలే ఉన్నాయి, నాకు చాలా నచ్చాయి. స్టీరింగు తిప్పగానే బండి స్పందిస్తుంది, మలుపులో ఒరగడం తగ్గింది, చూడటానికి కూడా నిండుగా ఉంటుంది. అయితే నా ప్రయాణమంతా కరీంనగర్, సిద్దిపేట, హైదరాబాద్ మధ్యనే. మట్టి బాట తొక్కే పని నాకు లేదు. మీ దారులు వేరు కాబట్టి నా అనుభవాన్ని మీకు కొలతగా తీసుకోమని చెప్పలేను. మీ అబ్బాయి కోరికలో తప్పేమీ లేదని మాత్రం అంటాను.

ములుగు రోడ్డు టైర్లు:

రేగొండ అన్నగారికి నమస్తే. హన్మకొండ ములుగు రోడ్డులో మా నాన్న పెట్టిన టైర్ల దుకాణాన్ని నేను నడుపుతున్నాను. 20 అంగుళాలు వద్దు. 17కి దిగండి. 20 అంగుళాల చక్రాలు అమ్మితే నాకు మిగిలేది ఎక్కువ, అయినా మీ దారులు విన్నాక అవి మీకు అంటగట్టడానికి నాకు మనసు రాదు.

బండి ఎత్తు మారదన్న మాట నిజమే. టైరు మీద 265 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. దాని పక్కనున్న 60 అంటే ఆ వెడల్పులో 60 శాతం సైడు ఎత్తు, అంటే 159 మిల్లీమీటర్లు. 18 అంగుళాల రిమ్ము 457 మిల్లీమీటర్లు. పైన ఒక సైడు, కింద ఒక సైడు కలిపితే మొత్తం టైరు ఎత్తు 775. ఇదే లెక్కన 265/50 ఆర్20 ఎత్తు 773, 265/65 ఆర్17 ఎత్తు 776. మూడింటికీ తేడా మూడు మిల్లీమీటర్లే. స్పీడోమీటరుకు గానీ, గేర్లకు గానీ, బండి నేలకు ఎంత ఎత్తున ఉందన్నదానికి గానీ ఈ తేడా లెక్కలోకి రాదు.

మారేది రిమ్ముకూ రోడ్డుకూ మధ్య ఉన్న రబ్బరు. 20 అంగుళాలకు 132 మిల్లీమీటర్లు, 18కి 159, 17కి 172. మీ మిత్రుడు చెప్పిన చిన్న చక్రంలో చిన్నదైంది ఇనుమే, రబ్బరు పెరిగింది. నెత్తిన బిందె కింద పెట్టుకునే చుట్టకుదురు లాంటిదీ రబ్బరు, పలచనైతే దెబ్బ సూటిగా తగులుతుంది. గుంత అంచును వేగంగా కొట్టినప్పుడు టైరు సైడు రిమ్ముకూ ఆ అంచుకూ మధ్య నలిగి, లోపలి దారాలు తెగుతాయి. ఆ క్షణాన బయటికి ఏమీ కనిపించకపోవచ్చు. తరువాత సైడున కోడిగుడ్డంత ఉబ్బు వస్తుంది. ఉబ్బిన టైరుకు ప్యాచీ లేదు, వల్కనైజింగ్ లేదు, అది తీసి పారేయాల్సిందే. వానలు తగ్గాక పరకాల, భూపాలపల్లి వైపు నుంచి మా దుకాణానికి వచ్చే ఉబ్బు టైర్లలో ఎక్కువ సన్న సైడువే. టైరు పోవడంతో ఆగదు. అల్లాయ్ రిమ్ము అంచు వంగితే గాలి నిలవదు. పగిలిన అల్లాయ్‌కి వెల్డింగ్ పెట్టించి మళ్లీ ఎక్కించే వాళ్లున్నారు. కుటుంబం కూర్చునే బండికి ఆ పని ఎప్పుడూ చేయించకండి.

బరువు సంగతి చాలామంది అడగరు, నేను మాత్రం చెప్పకుండా వదలను. మీ పాత టైరు మీద సైజు పక్కన 110హెచ్ అని ఉంటుంది. 110 అంటే ఒక్కో టైరు 1060 కిలోలు మోయగలదని అర్థం. 265/50 ఆర్20లో మామూలు రకం తీసుకుంటే 107 ఉంటుంది, అంటే 975 కిలోలే. అదే సైజులో అదనపు బరువు మోసే రకం 111తో దొరుకుతుంది కానీ అడిగి తీసుకోవాలి. 265/65 ఆర్17కు సాధారణంగా 112, అంటే 1120 కిలోలు. మోటార్లు, పైపులు, మనుషులు నిండిన బండికి కంపెనీ ఇచ్చిన అంకె కన్నా తక్కువది వేయకూడదు.

ఇక ఏటూరునాగారం దారిలో టైరు చినిగిందనుకోండి. ఫార్చ్యూనర్‌లోనే కొన్ని రకాలకు కంపెనీయే 265/65 ఆర్17 ఇస్తుంది కాబట్టి ఆ సైజు వరంగల్‌లో సులువుగా దొరుకుతుంది. 20 అంగుళాలది కావాలంటే హైదరాబాద్ నుంచి తెప్పించుకునే దాకా బండి అక్కడే ఉండాల్సి రావచ్చు.

మీ అన్నయ్యగారి మడ్ టైర్ల మాట. ఆయన ట్రాక్టరు తోలిన మనిషై ఉంటారు, మాటలో న్యాయం ఉంది. పెద్ద బటన్లు మెత్తటి నేలను పట్టుకుంటాయి, తిరిగేటప్పుడు బురదను విసిరేస్తాయి. కానీ మీ ప్రయాణంలో ఎక్కువ భాగం తారు. తారు మీద మడ్ టైర్లు హోరు పెడతాయి, త్వరగా అరుగుతాయి, డీజిల్ ఎక్కువ తాగిస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, తడి తారు మీద బ్రేకు వేస్తే మామూలు టైరు కన్నా దూరం పోయి ఆగుతాయి. ముందు బొగ్గు టిప్పరు హఠాత్తుగా ఆగినప్పుడు ఆ దూరం చాలా విలువైనది.

రేగడి విషయంలో ఎవరూ మిమ్మల్ని మభ్యపెట్టకూడదు. నానిన నల్లరేగడి బంకలా పట్టుకుని గాళ్లన్నిటినీ పూడ్చేస్తుంది, ఆ తరువాత ఏ టైరైనా నున్నటి టైరే. రెండు టన్నులు దాటిన బండిని అందులో దింపితే ఇరుసు దాకా కూరుకుపోతుంది. వాన పడ్డ రోజు బండిని మొరం బాట మీదే ఆపి, సామాను ట్రాక్టరుకు ఎక్కించండి. మొరానికి, కంకరకు, ఆరుతున్న రేగడికి ఏ/టీ (ఆల్ టెర్రైన్, అంటే అన్ని నేలలకూ పనికొచ్చే) రకం టైరు చాలు. తారు రోడ్డుకు చేసిన హెచ్/టీ (హైవే టెర్రైన్) రకం కన్నా దాని గాళ్లు లోతు, రాయి కోతను బాగా తట్టుకుంటుంది, తారు మీద హోరు భరించగలిగేంతే. మీకు నేను చెప్పేది 265/65 ఆర్17, ఏ/టీ.

రేగొండ మిర్చి రైతు:

ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు తమ్ముడూ. మీ లెక్క మా అబ్బాయికి చదివి వినిపించాను. టేపు తీసుకుని వెళ్లి టైరు కొలిచి వచ్చాడు, ఇప్పుడు 17కి ఒప్పుకున్నాడు. కానీ మరో ప్రశ్న వేశాడు. 17కే దిగుతున్నప్పుడు 265/70 వేయిస్తే బండి ఇంకా ఎత్తు పెరుగుతుంది కదా అని. ఎండాకాలంలో గాలి తగ్గించి నడపాలని మా ఊళ్లో అందరూ అంటారు, అది సరైనదేనా?

గోదావరిఖని వర్క్‌షాప్:

గాలి సంగతి నేను చెబుతాను. మా రామగుండం ప్రాంతంలో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, నేను పని నేర్చుకున్నది ఇక్కడి లారీల దగ్గరే. ఎండ ఎక్కువని గాలి తగ్గించడం ప్రాణాల మీదికి తెచ్చే పని. గాలి తక్కువైతే టైరు సైడు ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగుతుంది. వంగినకొద్దీ లోపల వేడి పుడుతుంది. ఆ వేడికే పొరలు విడిపోయి టైరు పేలుతుంది. డ్రైవరు తలుపు తీస్తే పక్కన స్టిక్కరు మీద ఎంత గాలి ఉండాలో రాసి ఉంటుంది. అది చల్లటి టైరుకు చెప్పిన అంకె. పొద్దున్నే, బండి కదలకముందు చూసుకోవాలి. మధ్యాహ్నం పరకాల చేరాక చూస్తే నాలుగు పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా ఎక్కువ చూపిస్తుంది. అది సహజం, అప్పుడు గాలి తీయకూడదు.

ఏ/టీలో మందమైన రకాలు కొన్నింటి మీద సైజుకు ముందు ఎల్‌టీ (లైట్ ట్రక్, అంటే చిన్న లారీల రకం) అని ఉంటుంది. అవి కార్ల రకం కన్నా ఎక్కువ గాలి అడుగుతాయి, స్టిక్కరు అంకె వాటికి చాలదు. అలాంటివి కొంటే ఎంత పెట్టాలో టైరు కంపెనీ పట్టిక చూసి చెప్పమని అడగండి. మీ వాడకానికి అంత మందం అవసరం లేదని నా అభిప్రాయం.

టైరు వయసు కూడా చూసుకోండి. సైడు మీద నాలుగంకెలు చెక్కి ఉంటాయి. 1425 అంటే 2025లో 14వ వారం తయారైంది. దుకాణంలో ఏళ్ల తరబడి పడున్న సరుకు తగ్గింపు ధరకు ఇస్తామంటే తీసుకోకండి. మా ఎండలకు రబ్బరు వాడకపోయినా ముదిరిపోతుంది.

ములుగు రోడ్డు టైర్లు:

ఖని అన్న చెప్పిన గాలి మాట ప్రతి ఊరి పంచర్ దుకాణంలో రాసి పెట్టాల్సింది. దానికి ఒక్క మినహాయింపు ఉంది. మంగపేట వైపు గోదావరి ఇసుకలోనో, మెత్తటి బాటలోనో బండి దిగబడితే గాలి 18, 20 పీఎస్‌ఐ దాకా దించి, లో రేంజ్‌లో (4×4లో నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరులో), స్టీరింగు గట్టిగా కోయకుండా మెల్లగా బయటికి తీయవచ్చు. టైరు పొడవుగా పరుచుకుని నేలను పట్టుకుంటుంది. గట్టి నేల మీదికి రాగానే మళ్లీ నింపాలి. బండిలో చిన్న కంప్రెసర్ ఉంటేనే ఈ పని మొదలుపెట్టండి.

265/70 ఆర్17 ఎత్తు 803 మిల్లీమీటర్లు వస్తుంది, మీ పాతదాని కన్నా 28 ఎక్కువ. అందులో సగమే, అంటే 14 మిల్లీమీటర్లు బండి పైకి లేస్తుంది. వేలు మందం కూడా లేని ఆ ఎత్తు కోసం ఇచ్చుకునేవి చూడండి. స్పీడోమీటరు 100 చూపినప్పుడు టైరు తేడా వల్లే మూడున్నర కిలోమీటర్ల వేగం లెక్కకు రాకుండా పోతుంది. పూర్తిగా స్టీరింగు తిప్పినప్పుడు లోపలి ప్లాస్టిక్‌కు రాసుకోవచ్చు. బరువు లాగడానికి ఇంజనుకు కష్టం పెరుగుతుంది. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు కంపెనీ చెప్పిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. కంపెనీయే ఈ మోడల్‌కు ఇచ్చే 265/65 ఆర్17లో ఉంటే బీమా వాళ్లతో వాదించే అవసరం రాదు. అబ్బాయికి నా మాటగా చెప్పండి, 65 చాలు.

చక్రాలు కొనేటప్పుడు మూడు సంగతులు. ఫార్చ్యూనర్‌కు ఆరు నట్లు, వాటి వలయం 139.7 మిల్లీమీటర్లు, మధ్య రంధ్రం 106.1. బయటి అల్లాయ్‌ల మధ్య రంధ్రం పెద్దదైతే సరిపోయే రింగు వేయించాలి, లేకపోతే చక్రం కంపిస్తుంది. కంపెనీ అల్లాయ్ నట్లకు చదునైన వాషరు ఉంటుంది, బయటి చక్రాలు చాలావరకు కోసుగా ఉండే నట్లు అడుగుతాయి. పాత నట్లతోనే బిగించేస్తే చక్రం వదులయ్యే ప్రమాదం ఉంది. వెడల్పు ఎక్కువై బయటికి పొడుచుకొచ్చే చక్రాలు బేరింగుల మీద భారం పెంచుతాయి, వాటి జోలికి పోకండి. వీలైతే కంపెనీ 17 అంగుళాల చక్రాలే పాతవి, వంకర లేనివి వెతకండి. వరంగల్‌లో దొరుకుతాయి, ఈ మూడు చిక్కులూ ఉండవు.

ఇంకొకటి. నాలుగు టైర్లూ ఒకే రకం, ఒకే సైజు, ఒకేసారి వేయించండి. మీ 4×4లో 4హెచ్ (నాలుగు చక్రాలకూ బలం అందే మామూలు వేగం గేరు) వేసినప్పుడు ముందు, వెనుక ఇరుసులు కలిసి తిరుగుతాయి. ఒకటి కొత్త ఏ/టీ, ఒకటి అరిగిన పాతది ఉంటే వాటి చుట్టు కొలతలు వేరై గేర్ల మీద బిగువు పడుతుంది. మలుపుల్లోనూ అలాంటి బిగువే పడుతుంది, అందుకే 4హెచ్‌ను పొడి తారు మీద వాడకూడదంటారు. పదివేల కిలోమీటర్లకోసారి టైర్ల స్థానాలు మార్పించండి. గాళ్ల మధ్య చిన్న దిమ్మలు ఉంటాయి. రబ్బరు వాటితో సమమైతే 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని అర్థం, చట్టం ప్రకారం ఆ టైరు మార్చాల్సిందే. వాగులు పారే దారికి మీరు అంత దాకా ఆగకండి, మూడు మిల్లీమీటర్ల దగ్గరే మార్చండి. గాళ్ల లోతు తగ్గితే అవి నీళ్లను పక్కకు తోయలేవు, బండి నీటి మీద తేలినట్టు జారుతుంది.

బండి కింద వేలాడే స్టెప్నీ ఏ సైజో ఈ వారమే వంగి చూడండి. అది 18 అంగుళాలదైనా ఎత్తులో తేడా ఒక మిల్లీమీటరే కాబట్టి ఇంటికి చేరడానికి పనికొస్తుంది. కానీ దాని మీది నాలుగంకెలు చదవండి, గాలి చూడండి, దాన్ని దించే గొలుసు తుప్పు పట్టకుండా తిరుగుతోందో లేదో కూడా ఒకసారి తిప్పి చూడండి.

రేగొండ మిర్చి రైతు:

స్టెప్నీ చూశాను. 17 అంగుళాల ఇనుప రిమ్మే ఉంది, టైరు మీద 265/65 అని ఉంది. గొలుసు మాత్రం బిగుసుకుపోయింది, రేపు నూనె పోయిస్తాను. శనివారం పొద్దున హన్మకొండలో ఉంటాను తమ్ముడూ. ఎన్ని గంటలకు దుకాణం తెరుస్తారో చెప్పండి, అబ్బాయిని కూడా తీసుకుని వస్తాను.