బయటివారికి ప్రకటించిన జీతం కంటే నా జీతం తక్కువగా ఉంది: పెంచమని ఎలా అడగాలి?

ప్రశ్న: పద్దులమ్మ

నేను ఒక సరుకు రవాణా సంస్థలో, బిల్లుల విభాగంలో ఆరేళ్లుగా పని చేస్తున్నాను. చేరిన కొత్తలో నా పని కస్టమర్లకు పంపే బిల్లులను సరిచూడడం మాత్రమే. పద్నాలుగు నెలల క్రితం మా విభాగంలోని సీనియర్ ఒకరు ఉద్యోగం మానేసినప్పుడు, కొత్తవారు వచ్చేవరకు చూసుకోమని చెప్పి ఆమె పనిని నాకు అప్పగించారు. ఆ కొత్తవారు ఇప్పటికీ రాలేదు. నెలాఖరున పద్దులు ముగించడం, బకాయిల వసూలు మీద వారం వారం నివేదిక ఇవ్వడం, మా విభాగంలో చేరిన ఇద్దరు జూనియర్లకు పని నేర్పడం, ఇవన్నీ ఇప్పుడు నా మీదే ఉన్నాయి.

అసలు అంకెలు చెప్పడం ఇష్టం లేదు కనుక, చేరిననాటి నా జీతాన్ని 100 అనుకుందాం. ఐదు ఇంక్రిమెంట్లతో, అంటే ఏటా సగటున ఐదున్నర శాతం చొప్పున పెరిగి, అది ఇప్పుడు 131 దగ్గర ఉంది. గత వారం మా సంస్థే ఆ సీనియర్ స్థానానికి ప్రకటన ఇచ్చింది. అందులోని బాధ్యతలను ఒక్కొక్కటీ చదువుతూ ఉంటే, ఎవరో నా పక్కన కూర్చుని నా దినచర్యను రాసుకున్నట్టు అనిపించింది. జీతం మాత్రం 160 నుంచి 200 వరకు అని ఉంది.

ఇంట్లో అందరూ "అడగందే అమ్మయినా పెట్టదు" అంటున్నారు కానీ, ఎలా అడగాలో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. ఆ ప్రకటన గురించి నేను ఎత్తవచ్చునా, లేక అది బెదిరింపులా ఉంటుందా? ఎంత అడగాలి? కాదంటే ఏం చేయాలి? వెంటనే రాజీనామా చేసే పరిస్థితి నాకు లేదు; వేరే ఉద్యోగం కోసం ఇంతవరకు ప్రయత్నించనూ లేదు. వార్షిక అప్రైజల్ మరో నాలుగు నెలల్లో ఉంది, అప్పటిదాకా ఆగడమే మర్యాద అని మా సహోద్యోగులు అంటున్నారు.

జవాబు: పాతమేనేజర్

పద్దులమ్మ గారూ, అప్రైజల్ దాకా ఆగకండి. చాలా సంస్థల్లో అప్రైజల్ నాడు మేనేజర్ చెప్పే అంకె ఆనాడు పుట్టింది కాదు. ఏ విభాగానికి ఎంత అన్నది రెండు మూడు నెలల ముందే బడ్జెట్‌లో తేలిపోతుంది. ఆ రోజు మీరు ఎంత చక్కగా మాట్లాడినా, అప్పటికే పంచేసిన మొత్తంలోంచి మరొకరి వాటా కోసి మీకు ఇవ్వడం ఎవరికీ సాధ్యం కాదు. నాలుగు నెలలు ఉన్నాయంటే మీరు అడగవలసిన సమయం సరిగ్గా ఇదే.

నేను పదకొండేళ్లు ఒక బృందాన్ని నడిపాను. జీతం గురించి నా దగ్గరకు వచ్చినవారిలో ఎక్కువమంది నన్ను ఒప్పించడానికి తంటాలు పడేవారు. నిజానికి చాలాసార్లు వారు నోరు తెరవకముందే నేను ఒప్పుకున్నవాడినే, కానీ సంతకం నాది కాదు. మా పై అధికారి, ఆర్థిక విభాగం, హెచ్‌ఆర్ కలిసి కూర్చునే గదిలోకి ఆ ఉద్యోగి రాడు, అతని తరఫున నేను వెళ్లాలి. అక్కడికి వెళ్లి "చాలా కష్టపడతాడండీ" అంటే ఎవరూ తల కూడా ఎత్తరు, ఎందుకంటే ప్రతి మేనేజరూ తన మనుషుల గురించి అదే మాట చెబుతాడు. కాబట్టి మీ మేనేజర్ ఆ గదిలోకి పట్టుకుపోగల కాగితం ఒకటి మీరే తయారు చేసి ఇవ్వాలి.

ఒకసారి మా బృందంలోని ఒకామె అటువంటి కాగితమే ఇచ్చింది. ఒకే పేజీ, మధ్యలో నిలువు గీత. ఎడమవైపు తాను చేరినప్పుడు చేసిన పనులు, కుడివైపు ఇప్పుడు చేస్తున్నవి, ప్రతి దాని పక్కన ఏ నెల నుంచి అన్నది. ఒక్క విశేషణం లేదు. నేను దాన్ని మార్చకుండా అలాగే పట్టుకెళ్లాను. ఆర్థిక విభాగం పెద్ద కళ్లజోడు పైకి నెట్టుకుని రెండుసార్లు చదివి, "ఈ కుడివైపు పనులు ఈమె మానేస్తే ఎవరు చేస్తారు?" అని అడిగారు. తరువాత చర్చ అంతా ఎంత ఇవ్వాలన్న దాని మీదే జరిగింది, ఇవ్వాలా వద్దా అన్నది మళ్లీ రాలేదు.

ఇంటి ఖర్చులు, అప్పులు, పిల్లల చదువులు ఆ కాగితంలో రాయకండి. అవి అబద్ధాలని కాదు. ఆ గదిలో ఉన్నవారందరికీ అవే ఉన్నాయి. ధరలు పెరిగాయన్న వాదన కూడా అంతే: అది సంస్థలో అందరికీ వర్తిస్తుంది కనుక, మీకు మాత్రమే ఎందుకు ఇవ్వాలన్న ప్రశ్నకు జవాబు కాలేదు.

జవాబు: జీతాలపట్టిక

నేను జీతాల శ్రేణులు తయారు చేసే పనిలో ఉన్నాను. పాతమేనేజర్ గారు చెప్పినదానికి అవతలి గది వైపు నుంచి కొంత చేరుస్తాను.

ముందుగా మీరు అడిగేదానికి సరైన పేరు పెట్టండి. ఇంక్రిమెంట్ పెంచమని అడిగితే మిమ్మల్ని అందరి వరుసలో నిలబెట్టి, ఐదున్నరకు బదులు ఏడో ఎనిమిదో ఇచ్చి, గొప్ప మేలు చేశామని అనుకుంటారు. మీకు కావలసింది అది కాదు. చేస్తున్న పనికి, జీతపు శ్రేణికి పొంతన లేనప్పుడు చేసే సవరణను జీతం సర్దుబాటు అంటారు. అది వార్షిక పెంపుతో సంబంధం లేకుండా జరుగుతుంది, చాలా చోట్ల దానికి వేరే పద్దు కూడా ఉంటుంది. మీ కాగితంలో ఈ మాటే వాడండి.

మీ సంస్థ ప్రకటించిన 160-200 శ్రేణికి మధ్యబిందువు 180. మేము ఒక ఉద్యోగి జీతాన్ని ఆ మధ్యబిందువుతో భాగించి, నూటికి లెక్క కట్టి, దాన్ని కంపా రేషియో అంటాము. సాధారణంగా అది 80కి, 120కి మధ్య ఉండాలని చూస్తాము. మీది 131ని 180తో భాగిస్తే 73 దగ్గర వస్తుంది. మా తెర మీద అలాంటి అంకె ఎర్రగా కనిపిస్తుంది. ఎవరో ఒకరు దానికి సంజాయిషీ రాయవలసి వస్తుంది. హెచ్‌ఆర్‌తో మాట్లాడేటప్పుడు ఈ ఒక్క అంకె మీకు పది వాక్యాల పని చేస్తుంది.

ఇది ఎవరి కుట్రా కానక్కరలేదు. కొత్తగా తీసుకునేవారి జీతం ఏటా మార్కెట్‌తో పాటు కదులుతుంది, లోపల ఉన్నవారి జీతం సంస్థ నిర్ణయించిన శాతంతో కదులుతుంది. మొదటిది వేగంగా పోతే పాతవారు వెనకబడతారు. ఇద్దరికీ ఇకనుంచి ఏటా ఆరు శాతమే పెరిగిందనుకున్నా, ఐదేళ్లకు మీ 131 సుమారు 175 అవుతుంది, 160తో చేరినవారిది 214 అవుతుంది. ఇప్పుడు 29గా ఉన్న తేడా అప్పటికి 39 అవుతుంది. దానంతట అదే పూడదు.

ఎంత అడగాలన్నదానికి నా సలహా 172. పద్నాలుగు నెలలుగా ఆ పని చేస్తున్నవారు శ్రేణి అడుగున ఉండవలసిన అవసరం లేదు, అలాగని మధ్యబిందువు పైన అడిగితే అనుభవం సరిపోదంటారు. మొదట చెప్పిన అంకె తరువాతి మాటలన్నిటినీ తన చుట్టూ తిప్పుకుంటుంది. 1974లో మనస్తత్వ శాస్త్రవేత్తలు ట్వెర్‌స్కీ, కానెమన్ ప్రచురించిన ప్రయోగం ఒకటి ఉంది: అంకెల చక్రం తిప్పినప్పుడు 10 వచ్చినవారు ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాల వాటా 25 శాతం ఉండవచ్చునన్నారు, అదే చక్రంలో 65 వచ్చినవారు 45 శాతం అన్నారు. ఏ సంబంధమూ లేని అంకెకే అంత బలం ఉంటే, ఆధారంతో చెప్పిన అంకె సంగతి ఊహించండి. అయితే శాతాల్లో మాట్లాడకండి. 131 నుంచి 172 అంటే 31 శాతం పెంపు, వినగానే గుండె ఆగుతుంది. "ఈ స్థానానికి మీరు ప్రకటించిన శ్రేణిలో మధ్యబిందువు కంటే తక్కువ" అని చెబితే అదే మొత్తం సబబుగా వినిపిస్తుంది.

జవాబు: చేతులుకాలినవాడు

నేను తప్పుగా అడిగి నష్టపోయాను కనుక రాస్తున్నాను. పక్క సీటు అతని జీతం నాకు తెలిసింది. కోపంతో నేరుగా వెళ్లి, అతనికి అంత ఇచ్చి నాకు ఇంతేనా అని అడిగాను. ఆ క్షణం నుంచి చర్చ నా జీతం మీద కాక, ఆ సంగతి నాకు ఎవరు చెప్పారన్న దాని మీద నడిచింది. అతనికి మందలింపు వచ్చింది, నాకు ఏమీ రాలేదు, మా ఇద్దరి స్నేహం పోయింది. జీతాల గురించి ఉద్యోగులు తమలో తాము మాట్లాడుకోవడాన్ని రక్షించే చట్టాలు కొన్ని చోట్ల ఉన్నాయి; అమెరికాలో 1935 నాటి కార్మిక సంబంధాల చట్టం ప్రైవేటు రంగంలోని చాలామందికి ఆ హక్కు ఇస్తుంది. హక్కు ఉండడం వేరు, దాన్ని వాదనగా వాడితే పని జరగడం వేరు.

మీ సంగతి అలా కాదు. మీ దగ్గర ఉన్నది ఎవరి రహస్యమూ కాదు, సంస్థ తానే ఊరందరికీ చూపిన అంకె. కొలరాడో రాష్ట్రం 2021 నుంచి, న్యూయార్క్ నగరం 2022 నుంచి ప్రకటనల్లో జీతపు శ్రేణి చూపించాలని చట్టం చేశాయి. ఐరోపా సమాఖ్య 2023లో తెచ్చిన ఆదేశం ప్రకారం అభ్యర్థికి ముందుగానే ఆ వివరం చెప్పాలి. ఇవన్నీ అటువంటి అంకె అందరికీ తెలియాలన్న ఉద్దేశంతో వచ్చినవే. కనుక మొహమాటం లేకుండా ప్రస్తావించండి. ప్రకటన తీసేయకముందే స్క్రీన్‌షాట్ మాత్రం దాచుకోండి.

మరొక మాట. లేని ఆఫర్‌ను ఉన్నట్టు చెప్పకండి. "అయితే ఆ లెటర్ పంపండి" అంటే మీకు దారి ఉండదు, "అయితే వెళ్లండి" అంటే అసలే ఉండదు. అంతకంటే నిజంగానే రెండు మూడు చోట్ల దరఖాస్తు పెట్టండి. మీకు వెళ్లే ఉద్దేశం లేకపోయినా, బయట మీ విలువ ఎంతో తెలిసిన తరువాత మీ గొంతు వేరుగా ఉంటుంది.

పద్దులమ్మ

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఈ రాత్రి కూర్చుని రాసిన మెయిల్ మొదటి వాక్యాలు ఇవి, దయచేసి చూడండి: "ఇన్నేళ్లుగా ఈ సంస్థ నాకు ఎంతో ఇచ్చింది. మీకు ఇబ్బంది కలిగిస్తున్నందుకు క్షమించండి. వీలైతే, అవకాశం ఉంటే, నా జీతం విషయం ఒకసారి పరిశీలించగలరని మనవి."

పాతమేనేజర్

ఈ మూడు వాక్యాలూ తీసేయండి. మెయిల్‌లో మీరు అడగవలసింది అరగంట సమయం మాత్రమే: "నా ప్రస్తుత బాధ్యతలకు తగినట్టు జీతం సర్దుబాటు గురించి ఈ వారం మీతో మాట్లాడాలనుకుంటున్నాను, వివరాలు జతచేసిన పేజీలో ఉన్నాయి." ఇక చాలు. దీనివల్ల మీ మేనేజర్ ఆ పేజీ ముందే చదివి, సిద్ధపడి వస్తారు. హఠాత్తుగా అడిగితే ఎవరి నోటి నుంచైనా మొదట వచ్చేది "చూద్దాం" అన్న మాటే. మీటింగులో 172 అని చెప్పిన తరువాత ఆగిపోండి. అప్పుడు వచ్చే నిశ్శబ్దం చాలా పొడుగ్గా అనిపిస్తుంది. దాన్ని నింపడానికి "కొంచెం తక్కువైనా ఫరవాలేదు" అన్నవారిని ఎంతమందిని చూశానో చెప్పలేను, అవతల నేను అప్పటికి నోరు కూడా విప్పలేదు.

పద్దులమ్మ (ఐదు వారాల తరువాత)

జరిగింది చెబుతాను. పేజీలో ఎడమవైపు నాలుగు పంక్తులు, కుడివైపు పదకొండు వచ్చాయి. అంకె చెప్పి ఆగాను. మా మేనేజర్ ఆ పేజీనే చూస్తూ ఉండిపోయారు, నేను బల్ల మీద వేళ్లు ఒకదానిలో ఒకటి దూర్చుకుని కూర్చున్నాను. చివరకు ఆయన, "ఇందులో మూడు పనులు మీరు చేస్తున్నారని నాకే తెలియదు" అన్నారు. ప్రకటన గురించి ప్రస్తావించినప్పుడు నొచ్చుకుంటారేమో అనుకున్నాను, ఆయన మాత్రం స్క్రీన్‌షాట్ తనకూ పంపమన్నారు. నిన్న నిర్ణయం చెప్పారు: వచ్చే నెల నుంచి సీనియర్ హోదాతో 150, ఆరు నెలల తరువాత 160.

జీతాలపట్టిక

శుభవార్త. ఆ ఆరు నెలల మాట కాగితం మీద ఉందా? ఈ మధ్యలోనే మీ వార్షిక ఇంక్రిమెంట్ వస్తుంది. 150 మీద ఐదున్నర శాతం అంటే 158 దాటుతుంది. అప్పుడు మిగిలిన రెండు చేర్చి 160 చేశామంటారు, సర్దుబాటులోని రెండో భాగం ఇంక్రిమెంట్‌లో కలిసిపోతుంది. ఇది నేను చాలాసార్లు చూశాను. ఈ రోజే ధన్యవాదాలు చెబుతూ మీరే ఒక మెయిల్ రాసి, హోదా, రెండు అంకెలు, రెండు తేదీలు, "వార్షిక ఇంక్రిమెంట్‌తో సంబంధం లేకుండా" అన్న మాట అందులో పెట్టి, హెచ్‌ఆర్‌ను కూడా చేర్చండి.

పద్దులమ్మ

పంపాను. హెచ్‌ఆర్ నుంచి ధ్రువీకరణ వచ్చింది. హోదా ఉంది, 150 ఉంది, 160 ఉంది, తేదీలు రెండూ ఉన్నాయి. మీరు చెప్పిన ఆ ఒక్క మాట మాత్రం లేదు. మళ్లీ రాశాను.