పాత విమానంలో ఇంజిన్ వంకరగా కూర్చుంటోంది, సరిచేయాలా?

అనంతపురం నుంచి ప్రశ్న:
మా మామ బాల్సా అనే తేలిక చెక్కతో చేత్తో కట్టిన, రేడియోతో నడిపే చిన్న విమానం ఇరవై ఏళ్లు అటక మీదే ఉండిపోయింది. రెక్క పైన ఉండే రకం, రెక్క కొస నుంచి కొసకు 60 అంగుళాలు. పాత ఇంజిన్ బేరింగులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. వాడిన 40 సైజు గ్లో ఇంజిన్ (వేడెక్కే తీగ ప్లగ్గుతో ఇంధనం మండే రకం), అంటే 6.5 సీసీది, కొన్నాను. బోల్టు రంధ్రాలు కలవడం లేదు, పాతవాటిని ఆనుకునే కొత్తవి పడుతున్నాయి. ఇంజిన్ కింది కర్రలు ఇంధనంలో కలిపే ఆముదం పీల్చి నల్లబడ్డాయి, గోరు దిగుతోంది. పైగా ఇంజిన్ పెట్టి చూస్తే కొంచెం కుడికి, కిందికి తిరిగి ఉంది. మామ పనిమంతుడు, ఇట్లా ఎందుకు కట్టాడో! కర్రలు మార్చేటప్పుడు నేరుగా పెట్టేయనా అన్నా?

కర్నూలు నుంచి:
వద్దు తమ్ముడూ! అది వంకర కాదు, కావాలని పెట్టింది. ఇంజిన్ జోరు మీద విమానం ఎడమకు లాగుతుంది, అందుకే కుడికి తిప్పుతారు. పైరెక్క విమానం జోరు పెంచితే ముక్కెత్తుతుంది, అందుకే కిందికి. కర్రలు తీయకముందే కొలుచుకో. ప్రొపెల్లర్‌ను అడ్డంగా ఉంచి, రెండు కొసల నుంచి తోక మధ్యకు దారం పట్టు. 10 అంగుళాల ప్రొపెల్లర్‌కు రెండు డిగ్రీలంటే ఆ రెండు పొడవుల తేడా దాదాపు 9 మి.మీ. వెనక నుంచి చూస్తే ఎడమ కొస ముందుండాలి.
ఆ కర్రల్లో మళ్లీ రంధ్రాలు వేయొద్దు, నూనె పట్టిన చెక్కకు ఎపాక్సీ జిగురు అంటదు. బీచ్ అనే గట్టి చెట్టు కర్ర దొరికితే మేలు. టేకైతే అతికించే ముందు అసిటోన్‌తో తుడువు, దానికీ సొంత నూనె ఉంటుంది. రెండు కర్రల పైభాగం ఒకే మట్టంలో ఉండాలి. ఒక వైపు బిగించి, రెండో వైపు ఇంజిన్ చెవి (బోల్టు పట్టే అంచు) కింద కాగితం దూర్చి చూడు. దూరితే బిగించకు, ఇంజిన్ కింది డొల్ల, అంటే క్రాంక్‌కేసు మెలిపడుతుంది.

కడప నుంచి:
ట్యాంకు మర్చిపోవద్దు. దాని నడిమట్టం, ఇంజిన్‌కు ఇంధనం సర్దే నీడిల్ వాల్వు మట్టంలోగానీ, ఒక 6 మి.మీ. కిందగానీ ఉండాలి. పైకుంటే ఇంజిన్‌లోకి ఇంధనం కారిపోతుంది.

అనంతపురం నుంచి:
కొలిచానన్నా. ఎడమ కొస 8 మి.మీ. ముందుంది. నేరుగా చేసేసుంటే మామ లెక్కంతా పోయేది. రేపు వడ్రంగి దగ్గరికి పోతున్నా. సైలెన్సర్‌కు పక్కపలక కొంచెం తగులుతోంది, అది కోశాక ఫోటో పెడతా.