పైరేట్స్ పాత బేస్‌బాల్ కార్డులకి ధర ఎలా కట్టాలి?

ఉక్కునగరం పైరేట్:

అందరికీ నమస్కారం. పిట్స్‌బర్గ్‌లో చదువుకుని, కొన్నాళ్లు అక్కడే ఉద్యోగం చేసి ఈమధ్యే వైజాగ్ వచ్చేశాను. నాన్న స్టీల్ ప్లాంట్‌లో పనిచేశారు, నేను పెరిగింది ఉక్కునగరం క్వార్టర్స్‌లో. ఇంకో ఉక్కు ఊరి టీమ్ కాబట్టి ప్రేమ పుట్టిందో ఏమో, క్రికెట్ తప్ప ఏమీ తెలియనివాణ్ణి అక్కడి బేస్‌బాల్ టీమ్ పైరేట్స్‌కి అభిమానినై కూర్చున్నాను. 1979 తర్వాత వాళ్లు వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ ఫైనల్) గెలవలేదు, ఆ బాధ వేరే.

అక్కడ మా ఇంటి ఓనరు, పెద్దాయన, నేను వచ్చేస్తుంటే ఒక బూట్ల డబ్బా నిండా పైరేట్స్ ఆటగాళ్ల బొమ్మలున్న కార్డులు చేతిలో పెట్టాడు. అందులో టాప్స్ కంపెనీ వేసిన 1971 క్లెమెంటే (నల్ల అంచులది), 1973 క్లెమెంటే, నలుగురు కుర్రాళ్ల తలలున్న 1963 స్టార్‌జెల్ కార్డు, 1987 బారీ బాండ్స్‌వి ఓ గుట్ట ఉన్నాయి. 1955 క్లెమెంటేలా కనిపించేది కూడా ఒకటుంది.

న్యూజెర్సీలో ఉండే మా బావ డబ్బా మొత్తానికి ముప్పై వేలు ఇస్తానంటున్నాడు. నెట్‌లో చూస్తే ఒక్క బాండ్స్ కార్డుకే లక్షలు అడుగుతున్నవాళ్లున్నారు. ఎవర్ని నమ్మాలి? అమ్మేమో జగదాంబ దగ్గర జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించమంటోంది. ప్రస్తుతానికి రబ్బరు బ్యాండ్లు వేసి, కలరా ఉండలతో బీరువాలో పెట్టాను.

ఓరియోల్స్ బాబాయ్, ఎంవీపీ కాలనీ:

ముందు లేచి ఆ రబ్బరు బ్యాండ్లు తీసెయ్ బాబూ, మిగతాది తర్వాత చదువుదువుగాని. అంచుల్లో గాట్లు పడితే ధర అక్కడే సగం పోతుంది. కలరా ఉండలు కూడా తీసెయ్, ఆ వాసన అట్టకి పట్టిందంటే వదలదు. లామినేషన్ సంగతి అమ్మగారికి నెమ్మదిగా చెప్పు: దేవుడి పటానికి చేయిస్తే బాగుంటుంది, కార్డుకి చేయిస్తే దాని పని అయిపోయినట్టే.

నేను బొగ్గు షిప్పుల్లో బాల్టిమోర్ వెళ్లేవాణ్ణి, అక్కడ పట్టుకుంది ఈ పిచ్చి. 1971 వరల్డ్ సిరీస్‌లో మా ఓరియోల్స్, అంటే బాల్టిమోర్ టీమ్, మొదటి రెండు మ్యాచ్‌లూ గెలిచి, 1979లో 3-1తో ముందుండి, రెండుసార్లూ ఏడో మ్యాచ్‌లో మీ పైరేట్స్ చేతిలోనే ఓడారు. అయినా మనసు పెద్దది చేసుకుని చెబుతున్నాను.

అడిగే ధర ఎవడైనా ఎంతైనా అడుగుతాడు. ఈబేలో ‘సోల్డ్’ అని నొక్కి, అదే ఏడాది, అదే నంబరు, అదే కండిషన్ ఉన్న కార్డు నిజంగా ఎంతకి పోయిందో చూడు. ఒక్క అమ్మకం చాలదు, ఇద్దరు పంతం పట్టి పాడుకుంటే ధర ఎక్కడికో పోతుంది. మధ్యలో నాలుగైదు దగ్గరగా ఉన్నవి పట్టుకో. 1987 బాండ్స్ లక్షల్లో అచ్చయింది. ఆ రోజుల్లో జనం ఇవే పిల్లల పెళ్లిళ్లకి పనికొస్తాయని పెట్టెలకి పెట్టెలు దాచుకున్నారు, అందుకే ఇప్పుడు మామూలుగా ఉన్నదానికి టీ, సమోసా డబ్బులు వస్తే గొప్ప.

1971 కార్డు దగ్గర జాగ్రత్త. నల్ల అంచు కొంచెం రాలినా లోపలి తెలుపు కనబడుతుంది, అందుకే మచ్చలేనివి అరుదు. కొందరు మార్కర్‌తో నల్లగా దిద్దేస్తారు. లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూడు, దిద్దిన చోట మెరుపు వేరుగా ఉంటుంది. అలా దిద్దారని తేలితే, కార్డు కండిషన్‌కి మార్కులేసే గ్రేడింగ్ కంపెనీ అంకె ఇవ్వదు. 1973ది క్లెమెంటే పోయాక వచ్చిన కార్డు. నికరాగ్వా భూకంప బాధితులకి సామాన్లు తీసుకెళ్తూ 1972 డిసెంబర్ 31న విమానం కూలి పోయాడాయన, అప్పటికి సరిగ్గా 3000 హిట్లు. కార్డు మరీ అరుదేం కాదు, మామూలు కండిషన్‌లో కొన్ని పదుల డాలర్లు. కానీ నాకైతే అది ఊరికే ఇచ్చినా అమ్మబుద్ధి కాదు, ఓరియోల్స్ వాణ్ణయినా సరే.

1955ది స్కేలు పెట్టి కొలువు. అసలుది 2⅝ అంగుళాలు, 3¾ అంగుళాలు. 2½, 3½ వస్తే తర్వాతెప్పుడో వేసిన రీప్రింటే, 1957 నుంచే ఆ సైజు వచ్చింది. అసలుదైతే నలిగిపోయినదానికి కూడా వెయ్యి డాలర్ల పైమాటే, అప్పుడు మీ బావతో మాట్లాడటం ఆపు.

డాబాగార్డెన్స్ స్టాంపులు:

తమ్ముడూ, డబ్బా అడుగున హోనస్ వాగ్నర్ ఉన్నాడేమో చూడు. ఆయనా పైరేట్సే. సిగరెట్ పెట్టెల్లో వచ్చిన ఆ కార్డు 2022లో ఒకటి 72.5 లక్షల డాలర్లకి పోయింది. నా సలహా అడిగితే డబ్బా మొత్తం గ్రేడింగ్‌కి పంపించెయ్, ఇక ఎవరితోనూ బేరం ఉండదు.

ఓరియోల్స్ బాబాయ్:

స్టాంపుల వాళ్లకి సర్టిఫికెట్ లేనిదే ముద్ద దిగదు. ఒక్కో కార్డుకీ ఫీజు, అమెరికాకి రానూపోనూ ఖర్చు, ఇన్సూరెన్సు. ముప్పై డాలర్ల కార్డు మీద అంతకంటే ఎక్కువ పెడతాడా? స్టార్‌జెల్ మూలలు పదునుగా ఉంటే ఆ ఒక్కటి పంపడం గురించి ఆలోచించొచ్చు, అది ఆయన మొదటి కార్డు. మిగతావాటికి మెత్తటి స్లీవ్, దానిమీద గట్టి ప్లాస్టిక్ హోల్డరు, మూత బిగుసుకునే డబ్బాలో సిలికా జెల్ చాలు. మన సముద్రపు గాలికి అట్ట వంకర తిరుగుతుంది, సిలికా జెల్ వర్షాకాలంలో తరచూ మారుస్తుండు.

ఉక్కునగరం పైరేట్:

చాలా థాంక్స్ బాబాయ్. కొలిచాను, 2½, 3½. రీప్రింటే. పోనీలెండి, టెన్షన్ తగ్గింది, టేబుల్ మీద పెట్టుకుంటాను. 1971 అంచులు రెండుచోట్ల రాలాయి, దిద్దినట్టు లేదు. స్టార్‌జెల్ ఒక మూల మెత్తబడింది. సోల్డ్ ధరలు రాసుకుని కూడితే మా బావ అడిగింది మరీ అన్యాయమేం కాదు, కానీ ఆయనకి బాండ్స్ గుట్ట మాత్రం ఇస్తానన్నాను. ఫోన్ పెట్టేశాడు. డబ్బాలో మీ ఓరియోల్స్ ఆటగాడు బ్రూక్స్ రాబిన్సన్‌ది 1971 కార్డు కూడా ఒకటి ఉంది, పైరేట్స్ మధ్యలో ఎలా వచ్చిందో. మీకు కావాలా?

ఓరియోల్స్ బాబాయ్:

ఇంత ఆలస్యంగానా చెప్పేది! నా దగ్గర మీ పైరేట్స్ మజెరోస్కీది 1960 కార్డు ఉంది, వరల్డ్ సిరీస్‌లో న్యూయార్క్ యాంకీస్‌ని ఏడో మ్యాచ్‌లో హోమ్ రన్‌తో ముగించిన ఏడాదిది, మధ్యలో మడత ఉంది. రెండింటి సోల్డ్ ధరలూ పక్కపక్కన పెట్టి తేడా లెక్క చూసుకుందాం. ఆదివారం పొద్దున్న ఎంవీపీ రైతుబజారు దగ్గరికి రా. వానపడితే కార్డు తేకు, నువ్వొక్కడివే రా.