అప్‌డేట్: లైబ్రరీ నిండా రిపీట్లే ఎందుకు వచ్చాయో తెలిసింది

మొక్కజొన్న డీఎన్‌ఏలో జన్యువులున్న భాగాలను వేరు చేద్దామని మిథైల్ ఫిల్ట్రేషన్ లైబ్రరీ (మిథైల్ గుర్తులున్న డీఎన్‌ఏని వడకట్టేసి, మిగిలిన ముక్కలను బ్యాక్టీరియాలో పెంచే సేకరణ) చేశాను, సీక్వెన్స్ చేస్తే దాదాపు అన్నీ రెట్రోట్రాన్స్‌పోజాన్లే (రిపీట్లు, అంటే జీనోమ్‌లో మళ్ళీ మళ్ళీ వచ్చే డీఎన్‌ఏ ముక్కలు) వచ్చాయి, తప్పెక్కడ అని అడిగాను కదా. "ముందు హోస్ట్ స్ట్రెయిన్ (ముక్కలను పెంచే బ్యాక్టీరియా రకం) చూడండి" అన్నవారికి చాలా థాంక్స్. అసలు కారణం అదే.

నేను వాడింది డీహెచ్10బి. అందులో మెక్‌ఆర్‌బీసీ అనే ఎంజైమ్ జన్యువులు తీసేసి ఉంటాయి. మిథైల్ గుర్తులున్న డీఎన్‌ఏని కోసేది ఆ ఎంజైమే. అది లేకపోతే వడపోత ఎక్కడిది? మొక్కజొన్న జీనోమ్‌లో సుమారు 85 శాతం రిపీట్లే, మిథైల్ గుర్తులు ఎక్కువగా ఉండేదీ వాటికే (జన్యువులకు తక్కువ). కోసే ఎంజైమ్ లేక ఆ రిపీట్లన్నీ దర్జాగా క్లోన్ అయిపోయాయి.

ఈసారి అదే లైగేషన్‌ని (క్లోనింగ్ కోసం అతికించిన డీఎన్‌ఏ ముక్కల మిశ్రమాన్ని) మెక్‌ఆర్‌బీసీ ఉన్న జేఎం107 స్ట్రెయిన్‌లో వేశాను. పొద్దున ప్లేట్ తీసి చూస్తే కాలనీలు బాగా పలచగా ఉన్నాయి. ముందు టెన్షన్ పడ్డాను, తర్వాత అర్థమైంది, మిథైల్ గుర్తులున్న ముక్కలను ఎంజైమ్ కోసేస్తే కాలనీలు తగ్గాల్సిందే. సీక్వెన్సుల్లో ఇప్పుడు ఎక్సాన్లు (జన్యువుల్లో ప్రోటీన్ సమాచారం ఉండే భాగాలు) కనిపిస్తున్నాయి!

ఇంకో సమస్య బయటపడింది: క్లోరోప్లాస్ట్ డీఎన్‌ఏ. దానికి మిథైల్ గుర్తులు దాదాపు ఉండవు కాబట్టి ఈ జల్లెడలోంచి సులువుగా జారిపోతుంది. అందుకే ఆకుల నుంచి మొదట న్యూక్లియస్‌లు వేరు చేసి, ట్రైటాన్ అనే డిటర్జెంట్ కలిపిన బఫర్‌తో పెల్లెట్‌ను (అడుగున చేరిన ముద్దను) ఆకుపచ్చ పోయేదాకా కడుగుతున్నాను. మూడో వాష్‌కి బూడిద రంగుకి వచ్చింది.

ఇన్సర్ట్‌లు (క్లోన్ చేసే డీఎన్‌ఏ ముక్కలు) కూడా చిన్నవే పెట్టుకోండి. పెద్ద ముక్కైతే జన్యువు పక్కనున్న రిపీట్ వల్ల రెండూ పోతాయి.